సాక్ష్యం చెప్పమంటున్నారు

ప్రశ్న:

మాది జలదంకి దగ్గర పల్లె. మా తాతల నాటి నుంచీ బాప్టిస్టులం. పోయిన ఏడాది మా ఆయన చనిపోయాడు. కాలేయం చెడిపోయింది. నెల్లూరులో చూపించాం, రాయవేలూరు దాకా తీసకపోయాం. దక్కలేదు. కౌలుకు తీసుకుని పొగాకు వేసేవాడు. ఆ అప్పూ, వైద్యం అప్పూ నామీదే పడ్డాయి. కొడుకు చెన్నైలో డ్రైవరు. కూతురు కావలిలో డిగ్రీ చదువుతోంది.

ఆయన మంచంలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. నేను రాత్రుళ్ళు మోకాళ్ళ మీదే ఉన్నా. స్వస్థత వస్తుందని గట్టిగా నమ్మా. ఆయన పోయినాక నాకు ప్రార్థన రావడం లేదు. కళ్ళు మూసుకుంటే ఆస్పత్రి వరండానే కనిపిస్తుంది. ఆదివారం అందరితోపాటు లేచి నిలబడతా, కూర్చుంటా, ఇంటికొస్తా. అంతే.

మా అత్తేమో, "నీ విశ్వాసం చాలకే నా కొడుకు పోయినాడు" అంటుంది. ఊరికొచ్చిన ఒక బోధకుడు మా ఇంట్లో ప్రార్థన చేసి, మీ ఇంటి మీద శాపం ఉంది, నలభై రోజులు ఉపవాసం ఉండి పదివేలు కానుక ఇస్తే పోతుందన్నాడు. నాకు షుగరు. మాత్రలు వేసుకుంటూనే ఉపవాసం మొదలుపెట్టి, కళ్ళు తిరిగి పొయ్యి దగ్గరే పడ్డా. కూతురు చూడబట్టి సరిపోయింది.

వచ్చే నెల ఆయన ఏడాది జ్ఞాపకార్థ కూడిక. దేవుడు నన్నెట్లా బలపరిచాడో సాక్ష్యం చెప్పమని పెద్దలు అంటున్నారు. నాకు ఏ బలమూ రాలేదే! లేచి నిలబడి అబద్ధం చెప్పనా? చెప్పకపోతే దేవుణ్ణి తక్కువ చేసినట్టా?

- ఒక సోదరి, జలదంకి మండలం

జవాబు:

అమ్మా, సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఉపవాసం ఆపండి. షుగరు మాత్రలు వేసుకుని కడుపు మాడిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మీకు పొయ్యి దగ్గర అయింది అదే కావచ్చు. ఈ వారంలోనే కావలి ఏరియా ఆస్పత్రికి వెళ్ళి, పడిపోయిన సంగతి దాచకుండా చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళితే విశ్వాసం తగ్గినట్టని ఎవరైనా అంటే, మీరు చూసొచ్చిన రాయవేలూరు ఆస్పత్రి గురించే చెప్పండి. 1900లో ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరమ్మ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. ప్రార్థన చేసిన ఆ చేత్తోనే ఆమె మందూ ఇచ్చింది.

ఏలీయా కథ మీకు సండే స్కూలు నాటి నుంచీ తెలుసు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన మనిషి, ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి అడవిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. తట్టి లేపి తినమన్నాడు. తలాపున నిప్పుల మీద కాలిన రొట్టె, కుండలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండకు నలభై రోజుల నడక ఆ తర్వాత. ఆ నడకకు బలం ఆ భోజనం వల్లే వచ్చిందని బైబిలే చెబుతోంది. మీకు నలభై రోజుల లెక్క చెప్పిన బోధకుడికి ఈ రెండు పూటల తిండి సంగతి గుర్తున్నట్టు లేదు.

ఆ పదివేల గురించీ నాలుగు మాటలు చెప్పాలి. మన ప్రాంతంలో ఈ విశ్వాసం ఎట్లా వేళ్ళూనిందో మీ తాతల నోట వినే ఉంటారు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పలుగూ తట్టా ఇచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని వందల మంది అడిగారు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు తగ్గేదాకా ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఉదయగిరి, ఆత్మకూరుల్లో మిషన్ స్టేషన్లు వచ్చింది ఆ తర్వాతే. మన పండగ కూడికల్లో ఆ 2,222 గురించి గొంతెత్తి చెబుతారు. ఆకలిగొన్నవాడితో బేరం పెట్టని ఆ నెలల గురించి అంత గట్టిగా చెప్పరు. క్లౌ ఆకలికి కూలిచ్చి, బాప్తిస్మం మాట పక్కన పెట్టాడు. మీ ఇంటికొచ్చినాయన అప్పుల్లో ఉన్న విధవరాలి దగ్గర పదివేలు అడిగాడు. ఇద్దరూ బైబిలు పట్టుకున్నవాళ్ళే. ఆ డబ్బు ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే వదిలేయండి, రెండోసారి మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇక అత్తగారి మాట. ఆమె కొడుకును పోగొట్టుకుంది. ఆ కడుపుకోత ఎవరో ఒకరి మీద పడాలి, దగ్గర్లో మీరున్నారు. అయినా ఆ నింద మీరు మోయక్కర్లేదు. పౌలు ఎందరినో స్వస్థపరచినవాడే కదా. అలాంటివాడు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి రావాల్సి వచ్చింది. తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో ఆ సంగతి రాసి ఊరుకున్నాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదనలేదు, తనకు చాలలేదనీ అనలేదు. అత్తగారికి ఆ పేజీ తీసి చూపించి గెలవాలని చూడకండి. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, మీ ఆయన చిన్ననాటి సంగతులు అడగండి.

ప్రార్థన రావడం లేదన్నారు. 88వ కీర్తన తీయండి. మిగతా మొరలు ఎక్కడో ఒకచోట ఆశ వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటితోనే ముగుస్తుంది. పూర్వులు దాన్ని చించి పారేయలేదు, ఆరాధనలో పాడుకునే పుస్తకంలోనే ఉంచారు. దేవుడి మీద అలిగిన మాట కూడా ఆయనతో మాట్లాడిన మాటేనని వాళ్ళకు తెలుసు. అది చదవండి. అదీ చేతకాని రోజున చదవకండి, మీ కోసం వేరేవాళ్ళు చేస్తారు. పక్షవాతంతో ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించితే, యేసు చూసింది ఆ మోసినవాళ్ళ విశ్వాసం. స్త్రీల సమాజంలో నోరు అదుపులో ఉన్నవాళ్ళు ఇద్దరుంటారు. వాళ్ళకు ఇదే ఉత్తరం చూపించండి.

నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సలహా, తెలుగులోనే మాట్లాడతారు. వితంతు పింఛను నెలకు 4,000 వస్తోందా? రాకపోతే గ్రామ సచివాలయంలో అడగండి. అప్పులన్నీ కొడుకును కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద రాయండి, ఎవరికెంత, వడ్డీ ఎంత అని. అర్ధరాత్రి లెక్కలు వేసుకుంటూ మేలుకుని ఉండడం కన్నా అది నయం.

కూడికలో లేని బలం ఉందని చెప్పకండి. అబద్ధ సాక్ష్యం వద్దన్నది పది ఆజ్ఞల్లో ఒకటి, దేవుడి తరఫున చెప్పినా అది అబద్ధమే. పాస్టరు గారికి ముందే చెప్పండి: నేను మాట్లాడను, నా కూతురు 88వ కీర్తన చదువుతుంది, చాలు అని. ఆయన మంచివాడైతే ఒప్పుకుంటాడు. ఒకవేళ ఆరోజు మీకే లేవాలనిపిస్తే, నాకింకా బలం రాలేదు, నా కోసం ప్రార్థన చేయండి అని చెప్పి కూర్చోండి. అదీ సాక్ష్యమే.

ఇంకొకటి. కూడికకు బిర్యానీ పెట్టాలని మళ్ళీ వడ్డీకి తేవద్దు. టీ, బన్ను ఇవ్వండి. ఎవరన్నా మూతి విరిస్తే పాస్టరు గారినే సమాధానం చెప్పమనండి.