నా ల్యాప్‌టాప్‌లో నడిచిన పైథాన్ ప్రోగ్రామ్ కోఠి షాపులో ఎందుకు ఆగింది? ఎక్కడైనా ఒకేలా నడవాలంటే ఇలా ప్యాక్ చేయండి!

2023 నవంబర్, దీపావళికి ఇంకా వారం ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారి మొబైల్ స్పేర్ పార్ట్స్ షాపు. కౌంటర్ ముందు టెక్నీషియన్లు డిస్‌ప్లేలు, బ్యాటరీల కోసం నిలబడి ఉన్నారు. నేను కౌంటర్ వెనక ఎర్రర్ మెసేజ్ చూస్తూ కూర్చున్నాను.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో, 2021 డిసెంబర్ చివర్లో, ఆ షాపు కోసం ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. సప్లయర్లు పంపే ఎక్సెల్ ధరల పట్టికలన్నీ కలిపి, ఏ మోడల్ డిస్‌ప్లే ఈ రోజు ఎంతకు అమ్మాలో ఒకే లిస్ట్‌గా ఇస్తుంది. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత షాపు సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ పోయింది. ఎస్ఎస్‌డీ వేసి అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. నా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా ఆగిపోయింది. ఆ రోజు పొద్దున పాత ధరకే రెండు డిస్‌ప్లేలు అమ్ముడుపోయాయి.

"నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది అంకుల్" అన్నాను.

"నీ ల్యాప్‌టాప్‌ల నడుస్తే నాకేం లాభం బేటా? షాపు ఈడున్నది" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ ఆర్టికల్ ఆ జవాబే.

అసలు ఏం జరిగింది?

షాపు సిస్టమ్ విండోస్ 7. లేబుల్ ప్రింటర్ డ్రైవర్ దాంట్లోనే పని చేస్తుంది కాబట్టి మార్చలేదు. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో ఇన్‌స్టాల్ కాదు. అందుకే 3.8 వేసి, "పిప్ ఇన్‌స్టాల్ పాండాస్" అని కొట్టాను. వెర్షన్ చెప్పలేదు కాబట్టి పైథాన్ 3.8కి దొరికే చివరి పాండాస్, అంటే 2.0.3 వచ్చింది.

నా కోడ్ పట్టికలు కలపడానికి "అపెండ్" అనే ఫంక్షన్ వాడుతుంది. 1.4లో దాన్ని వాడొద్దని హెచ్చరిక పెట్టారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0లో తీసేశారు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 1.3.5. అంటే ఆ హెచ్చరిక కూడా నాకెప్పుడూ కనిపించలేదు.

కోఠిలో పాత ఇంజినీరింగ్ పుస్తకాలు కొన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సీనియర్ "212వ పేజీలో నాలుగో ప్రాబ్లమ్ చూడు" అంటాడు. మనం కొన్న పుస్తకం పేరు అదే, రచయిత కూడా అతనే. కానీ ఎడిషన్ వేరు. ఆ పేజీలో ఇంకో చాప్టర్ ఉంటుంది. పుస్తకం తప్పు కాదు, సీనియర్ తప్పూ కాదు. ఎడిషన్ చెప్పకపోవడమే తప్పు.

ఆ రోజు మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి 1.3.5 వేసి గట్టెక్కాను. ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో ఉంది కాబట్టి పాత వెర్షన్ నంబర్ తెలిసింది. అది అదృష్టం. ప్యాకేజింగ్ అంటే అదృష్టంతో పని లేకుండా చేసుకోవడం. ఆ ఆదివారం మొత్తం కూర్చుని సరిచేశాను. మీరు కూడా ఈ వరుసలో చేయండి.

స్టెప్ 1: ప్రాజెక్ట్‌కి సొంత గది

ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టండి. లేకపోతే మీ సిస్టమ్‌లో ఉన్న చెత్తంతా లిస్ట్‌లోకి వస్తుంది.

స్టెప్ 2: మొత్తం లిస్ట్ రాయండి, రెండు పేర్లు కాదు

నేను అడిగినవి రెండే: పాండాస్, ఓపెన్‌పైఎక్సెల్. కానీ ఆ పాండాస్ వెంట నంపై, డేట్‌యుటిల్, పైటీజెడ్ వచ్చాయి. డేట్‌యుటిల్ వెంట సిక్స్ వస్తుంది. ఓపెన్‌పైఎక్సెల్ ఇంకొకటి తెస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో మొత్తం 7. షాపు సిస్టమ్‌లో లెక్కపెడితే 8! పాండాస్ 2.0 నుంచి టీజెడ్‌డేటా కూడా తప్పనిసరి అయింది.

పాండాస్ ఒక్కదానికి వెర్షన్ రాస్తే సరిపోదు. అది నంపైని "కనీసం ఈ వెర్షన్" అని మాత్రమే అడుగుతుంది, పైన ఏది వచ్చినా తీసుకుంటుంది. "పిప్ ఫ్రీజ్" కొడితే ఏడూ "==" గుర్తుతో కచ్చితమైన వెర్షన్లతో వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పిప్-టూల్స్ గానీ యూవీ గానీ వాడండి. మీరు అడిగినవి ఒక ఫైల్‌లో, వాటి వెంట వచ్చినవన్నీ లాక్ ఫైల్‌లో విడిగా ఉంటాయి.

స్టెప్ 3: హ్యాష్ చేర్చండి

వెర్షన్ నంబర్ అంటే పేరు మాత్రమే. లోపలి సరుకు అదేనా? దానికి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉంది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. 2016లో వచ్చిన పిప్ 8 నుంచి ఈ తనిఖీ ఉంది. లిస్ట్‌లో హ్యాష్‌లు ఉంటే, సరిపోలని ఫైల్‌ని పిప్ ఇన్‌స్టాల్ చేయదు. డిస్‌ప్లే డబ్బా మీద "ఒరిజినల్" అని రాసి ఉంటే నమ్మకుండా తెరిచి చూసే టెక్నీషియన్ లాంటిది ఇది.

స్టెప్ 4: ఫైల్స్ వెంట తీసుకెళ్లండి

లిస్ట్ ఉన్నా ఇంటర్నెట్‌లో ఆ ఫైల్ ఉండాలిగా? 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో "లెఫ్ట్-ప్యాడ్" అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేశాడు. దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి.

"పిప్ డౌన్‌లోడ్" వాడితే వీల్ ఫైల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. ఇక్కడ జాగ్రత్త: నాది లినక్స్, షాపుది విండోస్. నంపై లాంటి వాటికి ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో వీల్ ఉంటుంది. ఫైల్ పేరులోనే పైథాన్ వెర్షన్, సిస్టమ్ రకం రాసి ఉంటాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫామ్, పైథాన్ వెర్షన్ చెప్పి, రెడీమేడ్ వీల్స్ మాత్రమే కావాలని అడగండి. పైథాన్ ఇన్‌స్టాలర్‌ని కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. 3.8కి విండోస్ ఇన్‌స్టాలర్ దొరికేది 3.8.10 వరకే.

స్టెప్ 5: రెండుసార్లు ప్యాక్ చేసి పోల్చండి

అన్నీ జిప్ చేశాను. మళ్లీ అదే ఫోల్డర్‌ని తయారుచేసి జిప్ చేస్తే హ్యాష్ వేరుగా వచ్చింది! కారణం, జిప్ ప్రతి ఫైల్ తేదీ, సమయం కూడా దాచుకుంటుంది. ఫైల్స్ వరుస మారినా తేడా వస్తుంది. ఫైల్స్‌ని పేర్ల వరుసలో పెట్టి, అన్నిటికీ ఒకే తేదీ ఇస్తే రెండు జిప్‌లూ బిట్ బిట్ ఒకేలా వచ్చాయి.

దీన్నే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ అంటారు. డెబియన్ వాళ్లు 2013 నుంచి దీని మీద పని చేస్తున్నారు. ఆండ్రాయిడ్‌లో ఎఫ్-డ్రాయిడ్ కూడా ఇలా పోల్చి చూస్తుంది: సోర్స్ కోడ్ నుంచి తాము బిల్డ్ చేసిన యాప్, డెవలపర్ ఇచ్చిన యాప్ ఒకటేనా అని. ఒకటే అయితే మధ్యలో ఎవరూ ఏమీ కలపలేదని నమ్మొచ్చు.

ఈఎక్స్‌ఈ చేస్తే సరిపోదా?

పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఈఎక్స్‌ఈ చేయొచ్చు, వాడేవాళ్లకి సులువు కూడా. కానీ అది ఆ రోజు మీ సిస్టమ్‌లో ఏముంటే దాన్నే మూటకడుతుంది. లాక్ ఫైల్ లేకపోతే ఆరు నెలల తర్వాత అదే మూట మళ్లీ కట్టలేరు. పైగా విండోస్ ఈఎక్స్‌ఈ కావాలంటే విండోస్‌లోనే బిల్డ్ చేయాలి.

ఒక చేదు నిజం

వెర్షన్లు బిగించేస్తే సెక్యూరిటీ ఫిక్స్‌లు కూడా రావు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగింది. అందుకే షాపు సిస్టమ్‌కి నెట్ తీసేశాం. ధరల పట్టికలు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి. మీ ప్రాజెక్ట్‌కి నెట్ కావాలంటే, నెలకోసారి లాక్ ఫైల్ అప్‌డేట్ చేసి, టెస్ట్ చేసి, అప్పుడే మార్చండి. మార్పు వద్దని కాదు. అది ఎప్పుడు రావాలో మీరే నిర్ణయించాలి, దీపావళి ముందు దానంతటదే రాకూడదు.

సోమవారం షాపు తెరవగానే పాత ఇన్‌స్టలేషన్ మొత్తం తీసేశాను. నెట్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే అన్నీ వేశాను. అక్టోబర్ పట్టికలు ఇచ్చి నడిపితే, అప్పుడు ప్రింట్ తీసిన లిస్ట్‌తో లైన్ లైన్‌కీ సరిపోయింది.

అంకుల్ ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని గల్లాపెట్టెలో వేసుకున్నారు. "ఇగ నువ్వు ఊర్ల లేకున్నా నడుస్తది గదా?" అన్నారు.

నడుస్తుంది. ఈసారి ల్యాప్‌టాప్ తెరిచి చూపించాల్సిన పని పడలేదు.