ఇమేజింగ్ కోర్సులో చేరుతున్నారా? ముందు శిక్షణ గంటలు చూడండి

ఇంటర్ బైపీసీ పూర్తయ్యాక విజయవాడలోనైనా, గుడివాడ, మచిలీపట్నంలలోనైనా ముందు నడిచేది నీట్ ర్యాంకు మాటే. ఎంబీబీఎస్ సీటు రాదని తేలితే ‘పోనీ, ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేర్పిద్దాం’ అంటారు పెద్దవాళ్లు. ఆలోచన మంచిదే. తొందరే మంచిది కాదు. ‘ఆరు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం’ అన్న ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేస్తే, రేపు ఆ సర్టిఫికెట్‌తో రిజిస్ట్రేషన్ దొరకకపోవచ్చు. ఎందుకంటే ఈ వృత్తికి ఇప్పుడు దేశమంతటా వర్తించే శిక్షణ ప్రమాణం వచ్చింది.

చట్టం ఏమంటోంది?

డాక్టర్లకు, నర్సులకు ఎప్పటినుంచో జాతీయ స్థాయి వ్యవస్థ ఉంది. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ గదుల్లో పనిచేసేవారికి అది లేదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో కోర్సు, ఒక్కో పేరు. ఆ లోటు తీర్చడానికి పార్లమెంటు 2021లో జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం చేసింది. రేడియాలజీ, ఇమేజింగ్, రేడియోథెరపీ సిబ్బందిని ఒక ప్రత్యేక విభాగంగా గుర్తించింది. జాతీయ కమిషన్, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, అర్హులందరి పేర్లతో రిజిస్టర్లు ఉండాలంది.

విద్యార్థి గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు రెండు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిప్లొమా లేదా డిగ్రీలో కనీసం 2,000 గంటల శిక్షణ, అది 2 నుంచి 4 ఏళ్లలో పూర్తికావాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు డిగ్రీలో కనీసం 3,600 గంటలు, 3 నుంచి 6 ఏళ్లు. ఆరు నెలల కోర్సు ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు.

చట్టం వచ్చాక అమలు నెమ్మదిగా సాగింది. మెడికల్ టెక్నాలజిస్టుల సంఘం సుప్రీంకోర్టు తలుపు తట్టింది. రెండు నెలల్లో అమలు చేయాలని 2024 ఆగస్టులో కోర్టు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ పది అలైడ్ వృత్తులకు దేశవ్యాప్త పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది. అందులో ఇమేజింగ్ టెక్నాలజీ, రేడియోథెరపీ టెక్నాలజీ రెండూ ఉన్నాయి.

అన్ని గంటలు ఎందుకు?

మిషన్ మీద బటన్ నొక్కడం వారంలో వచ్చేస్తుంది. ఆ నొక్కే ముందు చేయాల్సిన పనికే ఏళ్లు పడుతుంది. మామూలు ఛాతీ ఎక్స్‌రేనే తీసుకోండి. రోగిని నిలబెట్టి, ఛాతీ డిటెక్టర్‌కు ఆనించి, భుజాలు ముందుకు తోయించాలి. లేకుంటే భుజపుటెముకల నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. గాలి నిండా పీల్చి బిగబట్టమనాలి. లేవలేని రోగికి మంచం మీదే ముందువైపు నుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అలా తీసినట్టు ఫిల్ము మీద గుర్తు వేయకపోతే లేని జబ్బు ఉందనుకునే ప్రమాదం ఉంది.

ఎంఆర్ఐ గది సంగతి వేరు. అక్కడ రేడియేషన్ లేదు, కానీ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఇనుప వస్తువులను బలంగా లాగేస్తుంది. 2018లో ముంబయిలోని ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లిన వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు. దివిసీమ నుంచి స్కానింగ్‌కు వచ్చిన పెద్దామెను ‘నగలు తీశారా అమ్మా?’ అని అడిగితే తీశానంటుంది. పుస్తెలతాడుకు తగిలించుకున్న పిన్నీసులు ఆమె దృష్టిలో నగలు కావు. ‘పిన్నీసులు, తాయెత్తు, మొలతాడు’ అని పేరుపేరునా అడగాలి. గుండెలో పేస్‌మేకర్ ఉందా, కాంట్రాస్ట్ మందు ఎక్కించే సీటీ అయితే కిడ్నీ పరీక్ష చేయించారా, ఏవైనా మందులు పడవా, ఆడవాళ్లయితే గర్భం ఉండే అవకాశం ఉందా అని మర్యాదగా కనుక్కోవాలి. ఇదంతా అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకునే విద్య. శిక్షణ గంటలు అందుకే.

మన దగ్గర దారులు

డిగ్రీ చదవాలంటే 1986లో విజయవాడలో ఏర్పాటైన డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు చూడండి. ఇమేజింగ్ టెక్నాలజీ బీఎస్సీ సాధారణంగా మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. డిప్లొమాకు ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు గుర్తింపున్న రెండేళ్ల డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) ఉంది. త్వరగా సంపాదన కావాలంటే డిప్లొమా పనికొస్తుంది. పీజీ, బోధన, విదేశాల మీద ఆశ ఉంటే డిగ్రీకే వెళ్లండి. క్యాన్సర్ చికిత్స యంత్రాలపై పనిచేయాలనుకుంటే రేడియోథెరపీ టెక్నాలజీ వేరే కోర్సు అని గుర్తుంచుకోండి.

ఫీజు కట్టేముందు ఇవి అడగండి

1. ఈ కోర్సుకు, ఈ కాలేజీకి విశ్వవిద్యాలయం లేదా బోర్డు గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? కాగితం చూపించమనండి.

2. ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో? అక్కడ సీటీ, ఎంఆర్ఐ ఉన్నాయా? రోజుకు ఎన్ని గంటలు పంపుతారు?

3. విద్యార్థులకు రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఇస్తారా? ఈ ప్రశ్న సీనియర్లనూ అడగండి. బ్యాడ్జీ లేకుండా ఎక్స్‌రే గదిలో నిలబెట్టే కాలేజీ మీ ఆరోగ్యాన్ని పట్టించుకోదు.

4. ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమేనా, ఎవరికి వారే వెతుక్కోవాలా?

రేడియేషన్ అంటే భయపడేవారికి ఒక మాట. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం సిబ్బందికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బ్యాడ్జీ పెట్టుకుని, తెర వెనుక నిలబడి, సీసపు ఏప్రాన్ వాడితే ఈ పరిమితి దరిదాపులకు కూడా వెళ్లకుండా పనిచేయవచ్చు.

హద్దులు, అవకాశాలు

కోర్సులో అల్ట్రాసౌండ్ పాఠం ఉందని సొంత స్కానింగ్ సెంటరు కలలు కనకండి. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం ప్రకారం గర్భిణులకు స్కానింగ్ చేయాల్సింది అర్హత పొందిన డాక్టరే. అది దాటితే జైలు శిక్ష. ఏ రిపోర్టూ మీరు రాయకూడదు. రోగి ‘ఏముంది బాబూ?’ అని అడిగితే డాక్టరుగారు చెబుతారనాలి.

ఉద్యోగాలకు విజయవాడ సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లోని ఆస్పత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్, విజయవాడ, గుంటూరు బోధనాసుపత్రులు, 2023లో మొదలైన మచిలీపట్నం, ఏలూరు వైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రభుత్వ రేడియోగ్రాఫర్ పోస్టుల నోటిఫికేషన్లలో పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. పాసవగానే ఆ పని పూర్తిచేసుకోండి. గల్ఫ్‌కు వెళ్లాలంటే అక్కడి లైసెన్సు పరీక్షతో పాటు మీ సర్టిఫికెట్లు, అనుభవం నిజమో కాదో మూలానికి వెళ్లి విచారిస్తారు. బ్రిటన్‌లో రిజిస్టరులో పేరు లేనిదే రేడియోగ్రాఫర్ అని చెప్పుకోవడానికే వీల్లేదు.

ఇప్పటికే చిన్న కోర్సుతో పనిచేస్తున్నవారు అధైర్యపడొద్దు. అనుభవ ధ్రువపత్రాలు, జీతం ఆధారాలు, బ్యాడ్జీ రిపోర్టులు భద్రపరచండి. గుర్తింపున్న డిప్లొమాలో చేరే వీలుంటే చేరండి.

ఇమేజింగ్ మిగిలిపోయినవాళ్ల చదువు కాదు. డాక్టరు చూసి నిర్ణయం తీసుకునే బొమ్మ మీ చేతుల్లోంచే వస్తుంది. అది సరిగా రాకపోతే ఎంత పెద్ద డాక్టరైనా చేయగలిగింది తక్కువ. అందుకే ఈ వారం ఒక పని చేయండి. మీకు నచ్చిన కాలేజీకి అమ్మనో నాన్ననో తీసుకెళ్లి, పై నాలుగు ప్రశ్నలూ అడగండి. సూటిగా జవాబు చెప్పిన చోటే చేరండి.