తొమ్మిది మంది, ఏడు సీట్లు

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది ఉమ్మడి కుటుంబం. అమ్మ, నాయన, నేను, నా భార్య, తమ్ముడు, మరదలు, ముగ్గురు పిల్లలు. మొత్తం తొమ్మిది మందిమి. పత్తి డబ్బులకు కొంత లోను కలిపి 8 లక్షల దాకా పెట్టగలం. అందరం ఒకేసారి పట్టే బండి కావాలి. తమ్ముడు పాత ఇన్నోవా అంటున్నాడు, మా బావ తుఫాన్ తీసుకోమంటున్నాడు. ఏది మంచిది?
- ఒక రైతు, నర్మెట్ట

జవాబు: ఏడాదిలో తొమ్మిది మందీ కలిసి బయల్దేరే రోజులెన్నో ముందు లెక్కేయండి. కొమురవెల్లి మల్లన్న జాతర, రెండు మూడు పెళ్లిళ్లు, రెండేళ్లకోసారి మేడారం. అందులో మేడారానికి ఆర్టీసీ ప్రత్యేక బస్సే మేలు. అది గద్దెల దగ్గరిదాకా పోతుంది, సొంత బండ్లను మాత్రం చాలా దూరంలోనే ఆపేస్తారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు కూడా తక్కువే. మిగతా ఏడాదంతా మీ బండి ఎక్కేది నలుగురో ఆరుగురో. నాయనను జనగామ ఆస్పత్రికి తీసుకుపోవాలి, పిల్లలను దించాలి, విత్తనాలూ సరుకులూ తెచ్చుకోవాలి. నాలుగు రోజుల కోసం తొమ్మిది సీట్లకు అప్పు చేయకండి. ఏడు సీట్ల బండి కొనుక్కుని, అందరూ కదిలే రోజున తుఫాన్ కిరాయికి మాట్లాడుకోండి. ఎలా చూసినా అదే చవక.

మీ డబ్బులో కొత్తది కావాలంటే ముందు చూడాల్సింది రెనో ట్రైబర్. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1.0 లీటర్ పెట్రోల్ ఇంజిన్. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక, నాలుగు మీటర్లు దాటకుండా 1200 సీసీ లోపున్న పెట్రోల్ కార్లకూ, 1500 సీసీ లోపున్న డీజిల్ కార్లకూ 18 శాతమే పన్ను. అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. మారుతి ఎర్టిగా ధర ట్రైబర్ కంటే అంత ఎక్కువ కావడానికి ఈ పన్ను కూడా ఒక కారణం. మహీంద్రా బొలెరో కూడా 18 శాతంలోకే వస్తుంది. మట్టి దారులకు అంత గట్టి బండి మరొకటి లేదు. కానీ దాని చివరి రెండు సీట్లు పక్కకు తిరిగి ఉంటాయి. సడన్ బ్రేక్ పడితే అక్కడ కూర్చున్నవాళ్లకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లలను రోజూ అక్కడ కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ట్రైబర్‌కూ లోటుంది. దాని ఇంజిన్ 72 హార్స్‌పవర్‌దే. ఏడుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు తగ్గించక తప్పదు. ఏడు సీట్లూ నిలబెడితే డిక్కీ 84 లీటర్లే, రెండు చేతి సంచులకు సరిపోతుంది. మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకునే వీలుంది, అప్పుడు 625 లీటర్లు వస్తుంది. సీట్లు కావాలా, సామాను కావాలా అన్నది ప్రయాణాన్ని బట్టి మీరే చూసుకోవాలి.

ఎర్టిగా మూడో వరుస ఇంతకంటే నయం, పెద్దవాళ్లు కూడా కాసేపు కూర్చోగలరు. మీ డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది. మారుతి 2020లో డీజిల్ ఇంజిన్లు ఆపేసింది కాబట్టి, 2018, 2019 నాటి డీజిల్ ఎర్టిగా ఒక్క చేతిలో తిరిగినది దొరికితే వదలకండి. కాకపోతే వీటిలో చాలా బండ్లు హైదరాబాద్‌లో క్యాబ్‌లుగా తిరిగినవే. మీటర్‌ను వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. అందుకని మీటర్ కన్నా బండినే చూడండి. 60 వేల కిలోమీటర్లే తిరిగిందంటూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే నమ్మకండి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే అడుగున చిన్న గుడ్డ ముక్క మీద తయారైన తేదీ ఉంటుంది. అది బండి సంవత్సరంతో కలవకపోతే ఆ బెల్టు ఎందుకు మారిందో అడగండి, బండి ఎక్కడో గుద్దుకుని ఉండొచ్చు.

ఏ బండైనా సరే, షోరూంకు ఒక్కరే పోకండి. అమ్మను, నాయనను వెంట తీసుకుపోండి. రెండో వరుసలోకి వాళ్లు చెయ్యి సాయం లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారా చూడండి. మరదలును మూడో వరుసలో ఓ పావుగంట కూర్చోమనండి, మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో, ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందో ఆమే చెబుతుంది. బండి నడిపేవాళ్లకు వెనక సీటు కష్టం ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న: ఢిల్లీ నంబర్ ఇన్నోవా ఒకటి సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?
- ఒక ఉపాధ్యాయుడు, మహబూబాబాద్

జవాబు: ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి. అందుకే అవి అక్కడ చవకగా అమ్ముడుపోయి ఇటు వస్తాయి. మీరు చెల్లించేది ఆ సగం ధర ఒక్కటే కాదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టి టీజీ నంబర్ తీసుకోవాలి. పాత లోను తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కాగితం లేకపోతే బండి మీ పేరు మీదికి మారదు. ఎన్‌వోసీ చేతికి రాకముందు ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వకండి. పాత ఏపీ 36 నంబర్ బండ్లు చూస్తున్నవాళ్లకూ ఒక మాట. పదిహేనేళ్లకు ఆర్సీ గడువు తీరుతుంది. రెన్యువల్ అయిందో లేదో అడిగి చూడండి.

ప్రశ్న: బొగ్గు గనిలో పని చేస్తున్నాను. ఏడు సీట్ల బండి కొని, సెలవు లేని రోజుల్లో కిరాయికి తిప్పితే కిస్తీ వెళ్లిపోతుందని బామ్మర్ది అంటున్నాడు. తెల్ల బోర్డుతో తిప్పొచ్చా?
- ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: వద్దు. కిరాయికి తిప్పాలంటే పసుపు బోర్డు, పర్మిట్, దానికి తగిన బీమా ఉండాలి. సొంత బండిగా రిజిస్టరైన దాంట్లో డబ్బులిచ్చిన మనుషులను ఎక్కించుకున్నప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు నష్టపరిహారం మీ జీతంలోంచే పోవాలి. పరిమితికి మించి ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 194ఏ సెక్షన్ కింద ఎక్కువైన ఒక్కొక్కరికి రూ. 200 జరిమానా పడుతుంది, వాళ్లను దించేదాకా బండి కదలనివ్వరు.

ప్రశ్న: 6 లక్షల లోను ఐదేళ్లకు తీసుకోవాలా, ఏడేళ్లకా?
- ఒక గృహిణి, జనగామ

జవాబు: తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకు నెల కిస్తీ సుమారు రూ. 12,600, ఏడేళ్లకు రూ. 9,800. ఏడేళ్లయితే మొత్తం మీద దాదాపు 67 వేలు అదనంగా కడతారు. పైగా ఆరో ఏట టైర్లు, బ్యాటరీ మార్చే ఖర్చు కిస్తీతో పాటే వచ్చి పడుతుంది. నెలకు పన్నెండు వేలు కష్టమనిపిస్తే అప్పు గడువు పెంచకండి, బండి ధర తగ్గించుకోండి. ఇంట్లో వ్యవసాయమే ఆధారమైతే, పంట డబ్బులు వచ్చే నెలల్లో ఆరు నెలలకోసారి కట్టే పద్ధతి ఉందేమో బ్యాంకులో అడగండి.

ప్రశ్న: సీట్లు చాలనప్పుడు మూడేళ్ల పాపను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నాను. ఫర్వాలేదా?
- ఒక తల్లి, నర్మెట్ట

జవాబు: దయచేసి ఈరోజే మానేయండమ్మా. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా పాప తలకు తగులుతుంది. బెల్టు మీకూ పాపకూ కలిపి పెట్టుకున్నా మీ బరువు పాప మీదే పడుతుంది. పాపను వెనక రెండో వరుసలో పిల్లల సీటు బిగించి కూర్చోబెట్టండి. ఒక సీటు తక్కువైతే పెద్దవాళ్లలో ఒకరు బస్సులో రండి.