తుప్పుతో పోరాటము

తూర్పు కనుమల పాదమున, వేగావతీ నది యొడ్డున సాలూరు పట్టణము కలదు. ఇది పూర్వము విజయనగరము జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా, సాలూరు ఆ జిల్లాలో చేరినది. విజయనగరము నుండి వచ్చు 26వ జాతీయ రహదారి ఈ పట్టణము దాటి, పాచిపెంట ప్రాంతపు కొండలనెక్కి, ఒడిశాలోని సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్టు చేరును. సముద్రతీరమునకును, కొండలకావలి పీఠభూమికిని నడుమ సరకులను చేరవేయు లారీలు ఈ దారిని రాత్రింబవళ్ళు నడచుచుండును. ఘాటు రోడ్డు ఎక్కుటకు ముందు ఆగవలసిన చోటును, దిగివచ్చిన పిదప ఊపిరి పీల్చుకొనవలసిన చోటును సాలూరే.

అందువలన ఈ చిన్న పట్టణము లారీలకును, లారీ పనివారికిని పేరుపొందినది. మన దేశమున చాలకాలము లారీ కంపెనీలు యంత్రమును, చక్రములను, చాసిసును మాత్రమే అమ్ముచుండెడివి. సరకు మోయు బాడీని కట్టుట స్థానిక పనివారి వంతు. వడ్రంగి, కమ్మరి, వెల్డరు, రంగు వేయువాడు, టింకరింగు మేస్త్రీ ఒక్క షెడ్డు క్రింద కూడి ఆ పని చేయుదురు. కొత్త బాడీ కట్టుట ఒక విద్య. కాని అంతకన్న కష్టమైన విద్య మరియొకటి కలదు. అది తుప్పు తిన్న పాత బాడీని మరల నిలబెట్టుట.

ఒక పాత లారీని మనస్సులో ఊహించుకొందము. దానికి పదునైదేండ్లు నిండినవి. నేటి నిబంధనల ప్రకారము ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనము ప్రతి సంవత్సరమును యోగ్యతాపత్రమును పొందవలెను. ఆ పరీక్ష దగ్గరపడగా యజమాని లారీని షెడ్డునకు తెచ్చెను. పైకి చూడ తలుపు అడుగున నాలుగు గోధుమరంగు మచ్చలు, అద్దము క్రింద రెండు పొక్కులు తప్ప మరేమియు కానరాలేదు.

"మేస్త్రీ గారూ, లప్పము పెట్టి రంగు వేసిన చాలును. ఎల్లుండి సరకు ఎత్తవలెను" అని యజమాని తొందరపెట్టెను.

మేస్త్రీ మారు మాటాడక క్యాబినులో పరచిన పట్టాను పైకెత్తి, సుత్తితో నేలను మెల్లగా తట్టెను. ఒకచోట ఖణేలుమని మ్రోగినది. మరియొకచోట మట్టికుండ పగిలినట్లు బొంగురుగా పలికినది. అక్కడ స్క్రూడ్రైవరు మొనను ఆనించి నొక్కగా అది రేకును దూసికొని క్రిందికి దిగిపోయెను.

"బాబూ, రంగు వేయుమన్న వేసెదను. అది మీ కంటికి బాగుండును. కాని ఘాటు దిగునపుడు ఈ నేలమీద కాలు మోపి బ్రేకు తొక్కువాడు మీ డ్రైవరు" అని మేస్త్రీ పలికెను.

యజమాని కొంతసేపు ఆలోచించెను. లారీ వారము రోజులు నిలిచినచో బాడుగ పోవును. అతడు నష్టమునకు వెనుదీసెనా, డ్రైవరు ప్రాణమునకు విలువ నిచ్చెనా అను సంగతి తుదకు తెలిసికొందము. ముందుగా మేస్త్రీ అంతగా భయపడిన తుప్పు అనగా ఏమో తెలిసికొనుట మంచిది.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడును కలిసిన చోట తుప్పు పుట్టును. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను అది పుట్టదు. దీనిని మీరును పాఠశాలలో పరీక్షింపవచ్చును. మూడు గాజు గొట్టములు తీసికొని ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మేకును వేయుడు. మొదటిదానిలో మామూలు నీరు సగము వరకు పోయుడు. రెండవదానిలో బాగుగా కాచి గాలిని పోగొట్టిన నీరు మేకు మునుగునట్లు పోసి, మరల గాలి చొరకుండ పైని నూనె పొర పరచుడు. మూడవదానిలో నీరు పోయక, తేమను పీల్చుకొను కాల్షియం క్లోరైడు ముక్కలు వేసి బిరడా బిగింపుడు. కొన్నిదినములు గడచిన పిదప చూడగా మొదటి మేకు మాత్రమే తుప్పుపట్టి యుండును. నీటిలో ఉప్పు కలసినచో ఈ మార్పు మరింత వేగముగ జరుగును. కావుననే సముద్రపు గాలి సోకు రేవు పట్టణములలో తిరుగు బండ్లకు తుప్పు బాధ హెచ్చు.

అల్యూమినియము కూడ గాలితో కలిసి మారును. కాని దానిపై ఏర్పడు పలుచని పొర గట్టిగా అంటుకొని లోని లోహమునకు కవచమగును. ఇనుప తుప్పు అట్టిది కాదు. అది గుల్లయై, పెచ్చులుగా రాలి, లోనికి మరల నీటికిని గాలికిని దారి యిచ్చును. పైగా తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు నాక్రమించును. రంగు పొక్కుట, అతుకులు విచ్చుకొనుట ఇందువలననే కలుగును. పైని కనబడు చిన్న పొక్కు క్రింద అరచేయి వెడల్పున రేకు తినివేయబడి యుండవచ్చును.

తుప్పు తనకు నచ్చిన స్థలములను ఎన్నుకొనును. ఎక్కడ నీరు నిలుచునో అచ్చటనే అది కాపురముండును. తలుపుల అడుగు అంచులు, ముందు అద్దము క్రింది గాడి, చక్రముల పైకప్పులు, రెండు రేకులు ఒకదానిమీద నొకటి పడిన అతుకులు, కాళ్ళక్రింది పట్టా మరుగు దానికి ఇష్టమైన తావులు. తలుపు అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రము లుండును. బురద వానిని మూసివేసినచో తలుపే నీటితొట్టి యగును. వానకాలమున కొండదారిని తడిసిన లారీకి పుల్లతో ఆ రంధ్రములను శుభ్రము చేయుట అయిదు నిమిషముల పని. దానిని మరచినచో కొన్నియేండ్లకు తలుపునే మార్చవలసి వచ్చును.

ఇక చికిత్స యెట్లు జరుగునో చూతము. మొదట బ్యాటరీ తీగలను ఊడదీయుదురు. నిప్పు అంటుకొను వస్తువులను దూరముగ నుంచుదురు. సీట్లను, అద్దములను, తీగలను విప్పి క్యాబినును బోడిగా చేయుదురు. పిదప తీగ బ్రష్షుతోను, గరుకు కాగితముతోను పాత రంగును, పెచ్చులను గీకివేయుదురు. అప్పుడు గాని గాయము లోతు తెలియదు. పైపైని తుప్పు మాత్రమే యున్నచో దానిని రుద్ది, ఫాస్ఫారికు ఆమ్లము కలిసిన మందు పూయుదురు. అది మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చును. కాని రేకు చిల్లిపడిన చోట ఏ మందును పనిచేయదు. అచ్చట కోయవలసినదే.

ఇచ్చటనే మంచి పనివానికిని, చెడ్డ పనివానికిని భేదము తెలియును. చెడ్డ పనివాడు చిల్లి మేరకు మాత్రమే కోయును. మంచి పనివాడు తళతళలాడు మంచి ఇనుము కనబడువరకు కోయును. తుప్పు అంచునకు వేసిన అతుకు నిలువదు. వెల్డింగు వేడిమికి పలుచబడిన రేకు కరగి, చిల్లి మరింత పెద్దదగును.

కోసిన చోటికి అట్టముక్కతో నమూనా కత్తిరించి, అంతే మందముగల కొత్త రేకును ఆ కొలతకు తీర్చుదురు. దానిని ఇరికించి, ఒక్క పట్టున అతుకక, ముందుగా దూరదూరముగ చుక్కలు పెట్టుదురు. ఇటొక చుక్క, అటొక చుక్క పెట్టి, రేకు చల్లారిన పిదప నడుమ ఖాళీలను నింపుదురు. ఒక్కచోటనే వేడి పెంచినచో రేకు అప్పడము వలె ముడుచుకొనును. తరువాత అతుకును అరగదీసి, వెనుక ఇనుప దిమ్మెను ఆనించి ముందు నుండి సుత్తితో సన్నగా కొట్టి చదును చేయుదురు. ఈ పని చేయునపుడు కంటికి అద్దములును, ముక్కుకు ముసుగును తప్పక ధరింపవలెను. జింకు పూసిన రేకును కాల్చగా వచ్చు పొగ మిక్కిలి హానికరము.

శుభ్రముచేసిన ఇనుమును రాత్రి గాలికి విడువరాదు. మరునాటికే దానిపై పసుపుపచ్చని తుప్పు పొడచూపును. కావున నాడే ప్రైమరు పూయుదురు. అతుకుల సందులను మూసి, లోపలి వైపున కూడ రంగు పట్టింతురు. ఇంత జరిగిన పిమ్మటనే లప్పమునకు వంతు వచ్చును. లప్పము చిన్న ఎగుడుదిగుడులను సరిచేయుటకు పుట్టినదే కాని చిల్లులను పూడ్చుటకు కాదు. అది బరువు మోయలేదు.

అన్ని బండ్లును బ్రదుకవు. బాడీ మొత్తమునకు వెన్నెముక వంటి చాసిసు దూలములు లోతుగా తినివేయబడినచో, అనుభవజ్ఞుడైన మేస్త్రీ దానిని మరల రోడ్డుపైకి పంపుటకు ఒప్పుకొనడు. కాదనుట కూడ ఆ విద్యలో భాగమే.

ఈ విద్య లారీలకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలో పాత కార్లను బాగుచేసి డ్రాగు రేసులలో పరుగెత్తించు ఆచారము కలదు. రెండు కార్లు ప్రక్కప్రక్కనే నిలిచి, తిన్నని దారిలో సాధారణముగ పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు, పరుగెత్తును. రోడ్లపై అపాయకరముగ సాగుచుండిన ఈ పందెములకు ఒక క్రమము కల్పించుటకై 1951లో వాలీ పార్క్సు అను నతడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. పందెమునకు ముందు కార్లను తనిఖీ చేయుట అందలి నియమము. పందెపు కారు తేలికగా నుండవలెననుట నిజమే. తుప్పు తిన్న రేకు కూడ తేలికయే. కాని ఆ తేలికదనము బలము పోవుట వలన వచ్చినది. మంచి ఇనుము వరకు కోయుమను సూత్రము సాలూరు షెడ్డులోను, ఆ పందెపు మైదానములోను ఒక్కటే.

తుప్పును జయించిన పనితనము మన దేశమునకు కొత్త కాదు. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంత నిలిచియున్న ఇనుప స్తంభము గుప్తరాజుల కాలము నాటిది. ఏడు మీటర్లకు పైగా పొడవును, ఆరు టన్నులకు పైగా బరువును గల ఆ స్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండకును వానకును ఓర్చి నిలిచినది. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుట వలన పైని ఒక రక్షక పొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించిరి. ఆ కవచము పైపూత కాదు, లోహములోనుండియే పుట్టినది.

మరల మన లారీ యొద్దకు వత్తము. యజమాని తన డ్రైవరు వంక చూచెను. అతడేమియు అడుగలేదు; తాను ఇన్నాళ్ళు కాలు మోపిన చోట పడిన చిల్లిలోనుండి కనబడు నేలను చూచుచుండెను. "సరే మేస్త్రీ గారూ, కోయుడు. వారము పట్టినను పట్టనిండు" అని యజమాని పలికెను. ఆ వారమునకు బాడుగ పోయినమాట నిజము. కాని ఎనిమిదవ నాడు ఆ లారీ సుంకి ఘాటు నెక్కునపుడు డ్రైవరు కాలిక్రింద నేల గట్టిగా నుండెను.

బాలలారా! తప్పు కూడ తుప్పు వంటిదే. దానిపై రంగు పూసినచో చూచువారి కంటికి మరుగగును గాని, లోలోపల పెరుగుట మానదు. మంచి ఇనుము తగులువరకు కోయుటకు ధైర్యము కావలెను. కొంత నష్టమునకు ఓర్వవలెను. అట్లు చేసినవాని పనియే ఘాటు రోడ్డుపై నిలుచును.