ఢిల్లీ ఎండలో లాప్‌టాప్

అమ్మానాన్నల బదిలీతో మన లాప్‌టాప్ కూడా ఢిల్లీ చేరుతుంది. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. 'ఆంధీ' అనే దుమ్ముగాలి కూడా వీస్తుంది.

లాప్‌టాప్ ఫ్యాను గదిలోని గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది. గది 20 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. 100 డిగ్రీలు సమీపించగానే తనను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఆట ఆగి ఆగి నడుస్తుంది.

ఉదయం బాగా నడిచి, మధ్యాహ్నం నెమ్మదిస్తే కారణం గది వేడి. రెండు పూటలా నెమ్మదిస్తే దుమ్మును అనుమానించండి.

ఏం చేయాలి?
1. పరుపు మీద కాక బల్ల మీద పెట్టండి. వెనుక వైపు కాస్త ఎత్తండి.
2. ఆటలో ఫ్రేములను సెకనుకు 60కి పరిమితం చేయండి.
3. అప్పటికీ తగ్గకపోతే మెకానిక్ చేత దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

కొత్తది కొనమని నాన్నగారిని అడిగే ముందు ఇవి చేసి చూడండి!