టైటానియం సైకిల్ కొనేముందు ఒంటి కొలతలు: ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

ఇనుప సైకిల్ దండె విరిగితే పరకాలలోనో చిట్యాలలోనో వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి అతికించుకుంటాం. టైటానియానికి ఆ వీలు లేదు. బాగా వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. అందుకే ఆర్గాన్ వాయువు మధ్య అతకాలి. ఫ్రేము సైజు తప్పితే దాన్ని కోసి సరిచేసేవాళ్లు మన మొగుళ్లపల్లి చుట్టుపక్కల దొరకరు. కొలతలు తీసే నిపుణుడి కోసం హైదరాబాద్ వెళ్లాలి, మాటిమాటికీ తిరగలేం. వెళ్లేముందు ఏం చూసుకోవాలో, వచ్చాక ఏం చేయాలో రాస్తున్నాను. వీటిలో సగం బడికెళ్లే పిల్ల సైకిల్‌కూ పనికొస్తాయి.

1. ముందు ఫిట్టింగ్ (నిపుణుడితో ఒంటి కొలతలు తీయించుకోవడం), తర్వాతే ఫ్రేము. చాలామంది సైకిల్ కొన్నాక నొప్పులు మొదలైతే ఫిట్టింగ్‌కు పోతారు. అప్పటికి మార్చగలిగేది సీటు, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క), హ్యాండిల్ మాత్రమే. ముందే వెళ్తే మీ ఒంటికి ఎంత ఎత్తు, ఎంత పొడవు ఫ్రేము కావాలో అంకెలతో రాసిస్తారు. దాన్ని పట్టుకుని కొనండి.

2. కాలి కొలత ఇంట్లోనే తీయండి. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడాలి. లావుపాటి అట్ట ఉన్న పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టించండి. నేల నుంచి గీత దాకా మూడుసార్లు కొలిచి సగటు తీయండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6. టూర్ డి ఫ్రాన్స్‌ను మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. ఇది మొదలుపెట్టడానికే. బూటు అడుగు మందం, పెడల్ రకం, కాళ్లు వంగే తీరును బట్టి నిపుణుడు దీన్ని మారుస్తాడు.

3. రెండు పాదాలూ నేలకు ఆనాలన్న అలవాటు మానండి. మన దగ్గర సైకిల్ కొనగానే చేసే మొదటి పని సీటు కిందికి దింపడం. అంత కిందికి దింపితే మోకాలు ప్రతి తొక్కుకూ మరీ ఎక్కువ వంగి, ముందుభాగం నొప్పి పెడుతుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను బాగా కిందికి తెస్తే కాలు దాదాపు నిటారుగా రావాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి ఒక పాదం నేల మీద పెట్టాలి. వారం రోజులు కల్లంలో సాధన చేస్తే భయం పోతుంది.

4. ఫిట్టింగ్‌కు వెళ్లేరోజు రోజూ తొక్కే నిక్కరు, బూట్లు, పాత సైకిల్ ఉంటే దాని పెడళ్లు, సీటు పట్టుకెళ్లండి. ముందురోజు పత్తి ఏరి నడుము పట్టేసి ఉంటే వెళ్లొద్దు. అలసిన ఒళ్లు తప్పుడు కొలత ఇస్తుంది. ఫిట్టింగ్‌కు రెండు మూడు గంటలు పడుతుంది, రాత్రి బాగా నిద్రపోయి వెళ్లండి.

5. పాత దెబ్బలేవీ దాచొద్దు. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి విరిగిన చెయ్యి, ఒక కాలు కొంచెం పొట్టి, ఎరువుల బస్తాలు మోసి పట్టేసిన మెడ అన్నీ చెప్పాలి. సిగ్గుపడి చెప్పకపోతే నిపుణుడు ఆరోగ్యవంతుడి కొలతలే ఇస్తాడు. మా ఇంటి పెద్దాయన తిమ్మిరి సంగతి చెప్పకుండా వచ్చి, ఆ తర్వాత ఆరు నెలలు అరచేతులు పిసుక్కున్నారు.

6. 54, 56 అనే అంకెలను చూసి మోసపోవద్దు. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకేలా ఉండవు. రెండు కొలతలు అడగండి. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి ఫ్రేము ముందు గొట్టం పైఅంచు దాకా నిలువుగా ఎంత, అడ్డంగా ఎంత. వీటిని స్టాక్, రీచ్ అంటారు. నడుము అంతగా వంగని వాళ్లకు స్టాక్ ఎక్కువుండాలి.

7. క్రాంకు అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే చేయి. దాని పొడవు వెనకవైపు అంకెల్లో చెక్కి ఉంటుంది. 170 మిల్లీమీటర్లు మామూలుగా వచ్చేది. పొట్టివాళ్లకు 165 అడగండి.

8. ఇంట్లో మేస్త్రీ సామాను ఉంటే వాడుకోండి. సీటు పైభాగం సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడండి. ముక్కు కిందికి వంగితే ఒళ్లు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. తూకపు గుండుకు దారం కట్టి, క్రాంకులు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ముందరి మోకాలి చిప్ప దగ్గర నుంచి వేలాడదీస్తే, అది పెడల్ ఇరుసు దగ్గరగా రావాలి. ఇదీ మొదటి అంచనాకే, అంత గట్టి నియమం కాదు.

9. టైటానియం గొట్టంలోకి అల్యూమినియం సీటు పైపు పెట్టేటప్పుడు యాంటీ సీజ్ పేస్టు రాయాలి. లేకపోతే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకుని, మళ్లీ ఊడదీయడం కష్టం. వంటనూనె, కొబ్బరినూనె వద్దు. కార్బన్ పైపయితే దానికి వేరే పేస్టు ఉంటుంది. పైపు మీద గీసిన కనీస లోతు గీత బయటికి కనిపించకూడదు. మామూలు పానాతో బలమంతా పెట్టి బిగించొద్దు, టార్క్ పానా కొనుక్కోండి. చాలా బోల్టుల పక్కనే ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది.

10. కొలతల కాగితం ఫొటో తీసి ఉంచండి, అసలుది బీరువా తలుపు లోపల అతికించండి. సీటు పైపు చుట్టూ ఫ్రేము అంచున కరెంటు టేపు ఒక చుట్టు చుట్టండి. సైకిల్‌ను హన్మకొండ బస్సులో వేయాలని సీటు పీకినా, మళ్లీ అదే ఎత్తు వస్తుంది.

11. మొదటి నెల పొద్దుగాల పది పదిహేను కిలోమీటర్లకు మించి తొక్కకండి. ఏ నొప్పి ఎక్కడో రోజూ రాయండి. మోకాలి వెనక నొప్పి, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగడం సీటు ఎక్కువ ఎత్తయినందుకు గుర్తులు. మోకాలి ముందు నొప్పి తక్కువ ఎత్తని చెప్తుంది. చేతుల తిమ్మిరి వస్తే సీటు వంపు, హ్యాండిల్ దూరం చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెండు మూడు రోజులు తొక్కి చూసి ఇంకోటి. నొప్పి తగ్గకపోతే తొక్కడం ఆపి డాక్టరును కలవండి.

12. ఇంట్లో బడికెళ్లే పిల్ల సీటును బడి తెరిచినప్పుడు, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ కొలిచి పెంచండి. పెరిగే కాళ్లకు పోయిన ఏటి ఎత్తు ఈ ఏడు సరిపోదు. పిల్ల పేరు పక్కన తేదీ, ఎత్తు అదే బీరువా కాగితం మీద రాయండి.