చౌక క్లిప్ లెన్సులు కొనదగినవేనా?

— బి.యస్సి. ఫైనలియర్ విద్యార్థి

ఈ ప్రశ్న నాకు ఫోటోల మీద మోజుతో పుట్టలేదు. మక్క చేనులో పుట్టింది.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. మూడెకరాల మక్క, కొంచెం వరి. నేను కామారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. రెండేళ్ల కింద వానాకాలంలో బాపు ఫోన్ చేసి, "మక్క ఆకులకు బొక్కలు పడ్తున్నయిరా, ఏం పురుగో సమజైత లేదు" అన్నాడు. శనివారం లింగంపేట మీదుగా పోయే బస్సెక్కి ఇంటికి పోయాను. సుడి విప్పి చూస్తే అర అంగుళం కూడా లేని పురుగు. సెల్‌ఫోన్‌తో పది ఫోటోలు తీసి మా వ్యవసాయ విస్తరణాధికారికి పంపాను. "మసకగా ఉన్నది తమ్ముడూ, క్లియర్‌గా తీసి పంపు" అని జవాబు. ఎంత దగ్గరికి పోతే అంత మసక! ఈలోగా బాపు ఎవరో చెప్పిన మందు తెచ్చి కొట్టాడు. అది పని చేయలేదు. వారం గడిచేసరికి పురుగు పెరిగి సుడి లోపలికి దూరింది. మళ్లీ మందు, మళ్లీ కూలి. ఆ తప్పులో సగం నాది. ఫిజిక్స్ చదివేవాడినై ఉండి ఒక ఫోటో సరిగా తీయలేకపోయాను.

అది కత్తెర పురుగు. మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో కనిపించి, ఆ ఏడాదే తెలంగాణకు చేరింది. దాన్ని గుర్తించడానికి రెండు ఆనవాళ్లు: తల మీద తలక్రిందులైన ఇంగ్లీషు 'వై' అక్షరం వంటి గీత, తోక వైపు ఎనిమిదవ ఖండం మీద చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. పురుగు ఆరు దశల్లో పెరుగుతుంది. మూడవ దశలో పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు, తల వెడల్పు 0.75 మిల్లీమీటరు. మందు బాగా పనిచేసేది అప్పుడే. కాని కంటికి సులభంగా గుర్తుపట్టే సైజు వచ్చేసరికి ఆ అదను దాటిపోతుంది.

సెలవుల తర్వాత ఆన్‌లైన్‌లో మూడు లెన్సుల క్లిప్ సెట్టు ఒకటి 350 రూపాయలకు తెప్పించాను. వైడ్ యాంగిల్, టెలి, మాక్రో అని మూడు. మా లెక్చరర్ గారి అనుమతితో మూడింటినీ లాబులో పరీక్షించాము. ఫలితాలు మిత్రుల ముందుంచుతున్నాను.

మాక్రో లెన్సు

ఇది ఉత్త కుంభాకార కటకమే. నా ఫోను సుమారు 10 సెంటీమీటర్ల కంటే దగ్గరి వస్తువును ఫోకస్ చేయలేదు. దాని కటకం నాభ్యంతరం 4.5 మిల్లీమీటర్లు. కాబట్టి అంత దూరాన ఆవర్థనం సుమారు 4.5/100, అనగా 0.045. పురుగు తల ప్రతిబింబం 0.034 మిల్లీమీటరు. ఒక్కో పిక్సెల్ 1.12 మైక్రాన్లనుకుంటే తల మొత్తం 30 పిక్సెళ్లలో ఇరుక్కుంటుంది. అందులో 'వై' గీత ఎక్కడ కనిపించాలి?

క్లిప్ పెడితే ఏమవుతుంది? వస్తువును ఆ కటకపు నాభి వద్ద ఉంచితే కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి. ఫోను ఆ వస్తువు ఎంతో దూరాన ఉన్నట్లు లెక్కించి సులభంగా ఫోకస్ చేస్తుంది. డబ్బా మీద 15 రెట్లని అచ్చువేశారు. ఎండలో సూర్యబింబాన్ని కాగితం మీద పడేటట్లు చేసి కొలిస్తే నాభ్యంతరం 2 సెంటీమీటర్లు వచ్చింది. భూతద్దాల లెక్క ప్రకారం 25ని 2తో భాగిస్తే పన్నెండున్నర రెట్లే. సరే, వ్యాపారం! అయినా ఆవర్థనం 4.5/20, అంటే 0.225. తల ఇప్పుడు 150 పిక్సెళ్లు. అంటే క్లిప్ లేనప్పటికంటే ఐదు రెట్లు.

ఇబ్బందులు లేకపోలేదు. ఫోకస్‌లో ఉండే మందం చాలా పలుచన, చేయి కాస్త వణికినా పోతుంది. అంచులు మసకబారుతాయి. మోచేతులను ఆనించి, పురుగును మధ్యలో ఉంచి, ఒకేసారి పది తీసి మంచిది ఏరుకోవాలి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లలో ప్రధాన కెమెరా మీదనే క్లిప్ సరిగ్గా కూర్చోవాలి.

వైడ్ యాంగిల్, టెలి

వీటి సంగతి వేరు. గోడకు దినపత్రిక అంటించి ఫోటో తీశాము. వైడ్ లెన్సులో నడిమి అక్షరాలు బాగున్నాయి. అంచుల్లో అక్షరాలు సాగి, చుట్టూ ఊదా రంగు అంచులు కట్టాయి. పాఠంలో వర్ణ విపథనం అని చదువుకున్నది ఇదే. నిలువు గీతలు పీపాలాగా ఉబ్బాయి. ఇప్పుడు చాలా ఫోన్లలో వైడ్ కెమెరా వేరేగా ఉంటుంది కూడా. టెలి లెన్సుతో చెరువు కట్ట మీది కొంగను తీస్తే, అదే ఫోటోను మామూలుగా తీసి కత్తిరించుకున్నదాని కంటే ఏమంత మెరుగ్గా రాలేదు. పైగా కొంగ కనిపించేలోపే ఎగిరిపోయింది.

ఎందుకీ తేడా? మాక్రోలో ఒక్క కటకం ఒక్క పనే చేస్తుంది. వైడ్‌లో, టెలిలో రెండు మూడు కటకాలు ఒకదాని తప్పును ఒకటి సవరించుకుంటూ కిరణాలను వంచాలి. ఆ పని చౌక గాజుతో కాదు.

పెద్ద కెమెరాలకు పెట్టే రింగులు

ఇదే సూత్రం అక్కడ కూడా చెల్లుతుందని కామారెడ్డిలో ఒక స్టూడియో పెద్దాయన చూపించాడు. ఆయన దగ్గర 42 మిల్లీమీటర్ల మర గల పాత లెన్సు ఉంది. ఆ జాతి లెన్సులు ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరాన ఉండాలి. కానన్ ఇ.ఎఫ్. కెమెరాలలో ఆ దూరం 44. తేడా 1.46 మిల్లీమీటర్లు. అంత మందం గల ఉత్త లోహపు రింగు చాలు. గాజు లేదు కనుక చెడేదేమీ లేదు. ఆటోఫోకస్ మాత్రం పోతుంది. నికాన్ ఎఫ్. కెమెరాలలో దూరం 46.5, అంటే లెన్సు అవసరమైన దానికంటే దూరమైపోతుంది. దూరపు దృశ్యాలు ఫోకస్ కావాలంటే రింగులో గాజు పెట్టక తప్పదు. "ఆ గాజు చవకదైతే లెన్సు పాడైనట్టే బిడ్డా, రింగులో అద్దం ఉన్నదా లేదా చూసి కొను" అన్నాడాయన. మేము లాబులో తేల్చిందీ ఇదే.

కావున నా అభిప్రాయం: గాజు లేని రింగు, ఒక్క కటకం మాక్రో చౌకలో కొనవచ్చు. వైడ్, టెలి కొని డబ్బు పారేసుకోవద్దు. మూడింటి సెట్టు కాక మాక్రో ఒక్కటే దొరికితే ఇంకా మంచిది.

పోయిన వానాకాలం మళ్లీ బొక్కలు పడ్డాయి. ఈసారి క్లిప్ పెట్టి తీసి పంపాను. "తల మీద గీత, నాలుగు చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, కత్తెర పురుగే" అని ఆ సాయంత్రమే జవాబు, ఏ మందు ఎంత కలపాలో కూడా వచ్చింది. పురుగు సుడిలో దాక్కోకముందే కొట్టాము. రెండోసారి కొట్టే పని పడలేదు. బాపు ఆ క్లిప్‌ను చేతిలో తిప్పి చూసి, "గింత అద్దానికేనా ఫిజిక్సు సదువుతున్నవ్?" అన్నాడు. ఇప్పుడది ఆయన జేబులోనే ఉంటుంది. నాకు ఇంకొకటి కొనుక్కోవాలి.

మిత్రులారా, మనలో చాలామంది రైతు బిడ్డలమే. మన విద్యార్థి సంఘం నాలుగు మాక్రో లెన్సులు కొని లాబులో ఉంచితే, శనివారం ఊరికి పోయేవారు సంతకం పెట్టి తీసుకుపోయి సోమవారం తిరిగి ఇవ్వవచ్చు. ఖర్చు ఎక్కువ కాదు. రాబోయే సంఘం వారు ఆలోచించగలరని మనవి.